అద్దంకి చిరునామా: నాడు, సీమ, తపాలా సంఖ్య

ఒక గ్రామ మెచ్చట నున్నదని యడిగినచో నేటివారు జిల్లా పేరును, మండలము పేరును చెప్పి తుదకు ఆఱంకెల సంఖ్య నొకదానిని చేర్చుదురు. గుండ్లకమ్మ యొడ్డునగల అద్దంకికి ఆ సంఖ్య 523201. జాబు వ్రాయువారికిని, పంచువారికినిదప్ప ఈ యంకెలతో నొరులకు పనిలేదనియు, శాసనములను, తాళపత్రములను పరిశీలించువారు వీనిని లెక్కింప నక్కఱలేదనియు తోచవచ్చును. మా యభిప్రాయము వేఱు. ఒక స్థలము నెట్లు గుర్తింపవలెనను ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క సమాధానము చెప్పినది. ఆ సమాధానములు ఒకదానిమీద నొకటి పేరుకొని యున్న చోటులలో అద్దంకి ముఖ్యమైనది. తపాలా సంఖ్య వానిలో కడపటిది. పరిశీలించి చూచినచో నిదియు నొక చారిత్రకాధారమే.

తొలి సమాధానము పండరంగని శాసనమున దొరకును. తూర్పు చాళుక్యుడైన గుణగ విజయాదిత్యుడు పట్టము గట్టుకొనిన తొలియేట, అనగా క్రీ.శ. 848-49 ప్రాంతమున, అతని సేనాని పండరంగడు వేయించిన యీ శాసనము తరువోజ పద్యముతో గూడినదగుటచే ఛందశ్చరిత్రలో ప్రసిద్ధికెక్కినది. మనవారు దీనిని పద్యముకొఱకే చదివిరి. యతిప్రాసలను చర్చించినంతగా అందలి స్థలములను చర్చింపలేదు. పండ్రెండు బోయకొట్టములను గైకొనుట, కట్టెపు దుర్గమును సాధించుట, కందుకూరును బెజవాడవలె నొనర్చుట, ధర్మవురమున ఆదిత్యభట్టారకునకు భూమి నిచ్చుట, ఇవి అందు జెప్పబడిన విషయములు. ఇచ్చట స్థలనిర్దేశము మూడు విధముల జరిగినది. బోయకొట్టములకు పేర్లు చెప్పక సంఖ్య చెప్పబడినది. కందుకూరునకు మఱియొక ప్రసిద్ధనగరముతోడి పోలిక చెప్పబడినది. ధర్మవురమునకు దానము పొందిన దేవుని పేరే గుఱుతు. సంఖ్య, పోలిక, దేవుడు: నేటికిని పల్లెలలో దారి చెప్పువారు ఈ మూటినే వాడుచుందురు.

స్థలనామమునకు సంఖ్యను జోడించుట తపాలావారు కనిపెట్టిన క్రొత్తపద్ధతి యని తలచుట పొరపాటు. కృష్ణకు దక్షిణముననున్న వెలనాటి ప్రాంతము శాసనములలో షట్సహస్రదేశముగా, అనగా ఆఱువేల నాడుగా, పేర్కొనబడినది. దానినుండియే ఆఱువేల నియోగులను శాఖానామము నిలిచినది. నన్నెచోడుడు తన వంశమును జెప్పుచు పాకనాటికి ఇరువదియొక్కవేయి సంఖ్యను జేర్చినాడు. ఈ వేలు గ్రామముల లెక్కయా, ఆదాయపు లెక్కయా యను విషయమున పండితు లేకాభిప్రాయులు కారు. మనకు కావలసిన దంతకంటె చిన్న విషయము. ఆ సంఖ్యను విన్నంతనే వినువారికి అది యే నాడో తెలిసెడిది. సంఖ్య మొదట పరిమాణమును దెలిపినదైనను, పోనుపోను నామమే యైనది. ఆఱువేలవారమని చెప్పుకొనువారిలో నెవ్వరును గ్రామములను లెక్కపెట్టరు గదా!

రెడ్డిరాజుల కాలమున అద్దంకికి వేఱు గుఱుతుతో పని లేకపోయెను. ప్రోలయ వేమారెడ్డి యిచ్చట నుండి రాజ్యమేలెను. ఆయన యాస్థానకవి యైన ఎఱ్ఱాప్రగడ అరణ్యపర్వశేషమును బూరించి, హరివంశమును రచించి వేమారెడ్డికే యంకిత మిచ్చెను. రాజధానికి చిరునామా యక్కఱలేదు. తక్కిన యూళ్లే దానినిబట్టి గుర్తింపబడును. అనవోతారెడ్డి కాలమున కా ప్రతిష్ఠ కొండవీటికి బోయినది. తరువాత అద్దంకి కోటల వరుసలో నొకటిగా మిగిలినది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గొనెను. ఈ జైత్రయాత్రలో నాతడు సాధించిన దుర్గములను శాసనములు వరుసగా బేర్కొనునపుడు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ యను పేర్లు కలసి వచ్చును. ఈ వరుస యొక విధముగా మార్గసూచియే. ఊరు విడిచిపోయినవారు ఊరిపేరును ఇంటిపేరుగా దీసికొనిపోయిరి. పదునాఱవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షాకు తపతీసంవరణోపాఖ్యానము నంకితమిచ్చిన అద్దంకి గంగాధరకవి యింటిపేరు అందుల కుదాహరణము. ఇంటిపేరు మోసికొనిపోదగిన చిరునామా. కాని యది పూర్వుల యునికిని జెప్పునేకాని కవి యునికిని జెప్పదు. ఈ భేదమును మఱచి ఇంటిపేరునుబట్టి కవి నివాసమును నిర్ణయించిన వ్యాసములు మన సాహిత్యచరిత్రలలో తక్కువ లేవు.

ఇక ఆంగ్లేయుల కాలమునకు వత్తము. పరిశోధకులకు నిజమైన చిక్కు ఇచ్చటనే యారంభమగును. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ వశమైనది. ఒంగోలు ప్రాంతము ఆర్కాటు నవాబునుండి 1801లో సంక్రమించినది. అద్దంకి యీ రెండవ భాగములోనిదై నెల్లూరు జిల్లా ఒంగోలు తాలూకాలో నుండెను. 1859లో గుంటూరు జిల్లా రద్దయ్యెను. 1904లో అది మఱల నేర్పడినపుడు ఒంగోలు తాలూకా నెల్లూరునుండి తీసి దానిలో జేర్చబడినది. అప్పటినుండి అద్దంకి గుంటూరు జిల్లాలోనిది. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడెను. గుంటూరునుండి అద్దంకి, చీరాల, ఒంగోలు తాలూకాలును, నెల్లూరునుండి కందుకూరు, కనిగిరి మొదలగునవియు, కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరును అందు జేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడినపుడు అద్దంకి దానికి మాఱినది. మా పరిశీలన ఆ విభజనతో నాగును.

ఊరు కదలలేదు, గుండ్లకమ్మయు దారి మార్చుకొనలేదు. అయినను 1904 మొదలు 2022 వఱకు నూటపదునెనిమిదేండ్లలో ఈ యూరి చిరునామా మూడుసార్లు మాఱినది. దీని ఫలితము గ్రంథాలయములలో కనబడును. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టిగారలు సంకలనము చేసిన నెల్లూరు జిల్లా శాసనముల సంపుటములు 1905లో వెలువడినవి. అప్పటికే ఒంగోలు తాలూకా గుంటూరులో జేరి యేడాది యైనది. అయినను ఆ తాలూకా శాసనములు నెల్లూరు పేరి గ్రంథముననే యున్నవి. అద్దంకి ప్రాంతపు శాసనములకై గుంటూరు జిల్లా సంపుటములను మాత్రమే వెదకి, లేవని వ్రాయు విద్యార్థి పొరపడుచున్నాడనుట నిజమే. కాని యా పొరపాటునకు దారి తీసినది పుస్తకముమీది పేరు.

ఇట్టి స్థితిలో తపాలా సంఖ్య వచ్చినది. తపాలాశాఖ 1972 ఆగస్టు 15వ తేదీన దానిని ప్రవేశపెట్టెను. ఈ పద్ధతిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణకర్ కేంద్రప్రభుత్వ సమాచారశాఖలో నున్నతాధికారి. అంతేకాక సంస్కృతమున నాటకములను, కావ్యములను రచించిన విద్వాంసుడు. దీని యావశ్యకతను గుర్తించుటకు అద్దంకిని విడిచి దూరము పోనక్కఱలేదు. పండరంగని శాసనములోని ధర్మవురమునకు నేటి రూపము ధర్మవరము. చీరలకు ప్రసిద్ధిచెందిన ధర్మవరము రాయలసీమలో నున్నది. ఈ పేరుగల గ్రామములు మన దేశమున మఱికొన్నియు నున్నవి. పలుభాషలు, పలులిపులు గల దేశమున పేరు నొక్కదానిని నమ్మి ఉత్తరమును పంపుట దైవాధీనమే. రాయలసీమలోని ధర్మవరమునకు 515671 అని వ్రాసినచో తెలుగు చదువ నేరని గుమాస్తాయు దానిని సరియైన సంచిలో వేయగలడు.

ఆఱంకెలలో మొదటిది మండలమును, అనగా రాష్ట్రముల సముదాయమును, తెలుపును. 5వ యంకె ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకములది. రెండవది యందలి యుపమండలము. మూడవదానితో గలసి ఉత్తరములు విడదీయు జిల్లా తెలియును. కడపటి మూడంకెలు పంపిణీచేయు తపాలా కార్యాలయమునకు జెందును. 520 విజయవాడ, 521 కృష్ణా, 522 గుంటూరు, 523 ప్రకాశము, 524 నెల్లూరు. 523001 ఒంగోలు, 523155 చీరాల, 523105 కందుకూరు, 523316 మార్కాపురము. (దీనిని జనులు పిన్ నంబరందురు. పిన్ అను సంక్షేపమున కడపటి యక్షరమే నంబరుకు గుఱుతు గనుక ఇది పునరుక్తి. గేటు తలుపు అనుటవంటిది.)

తేదీలను పోల్చి చూచినచో మా వాదము స్పష్టమగును. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడినది. సంఖ్యలు 1972లో వచ్చినవి. నడుమ రెండున్నర యేండ్లు. ఈ పద్ధతి ఐదేండ్లు ముందుగా వచ్చియున్నచో జిల్లాల వరుసనుబట్టి అద్దంకికి గుంటూరు అంకెలును, కందుకూరునకు నెల్లూరు అంకెలును, మార్కాపురమునకు కర్నూలు అంకెలును పడియుండెడివి. మూడు జిల్లాలనుండి వచ్చిన యూళ్లకు 523 అను ఒకే శీర్షము లభించుట 1970 నాటి సరిహద్దునకు సాక్ష్యము. ఆ సరిహద్దు పటమునుండి తొలగినను సంఖ్యలో నిలిచినది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినపుడు ముఖ్యపట్టణమైన బాపట్ల సంఖ్య 522101గాను, దాని ప్రక్కనే యున్న చీరాల సంఖ్య 523155గాను ఉండెను. ఒకే జిల్లాలో రెండు శీర్షము లెందుల కని యడుగువారికి, 1970లో గుంటూరునకును ఒంగోలునకును నడుమ గీయబడిన గీత అచ్చటనుండి పోయినదని సమాధానము చెప్పవలెను.

సంఖ్యలు పూర్తిగా జిల్లాలను అనుసరించినవని మేమనుట లేదు. విజయవాడ యప్పటి కొక జిల్లా కాదు. అయినను దానికి కృష్ణాజిల్లానుండి వేఱుగా 520 లభించినది. తపాలావారి విభజనకు మూలము సంచులు, రైళ్లు, దారులు; రెవెన్యూ పటము కాదు. అయితే జిల్లా గీతయు, తపాలా గీతయు కలసిన చోట, పిమ్మట జిల్లా గీత కదలినచో, తపాలా గీత పాతదానిని పట్టియిచ్చును. భద్రాచలము వైపున నుండి 2014లో ఆంధ్రప్రదేశమున జేరిన మండలములలో ఖమ్మముయొక్క 507 నిలిచియుండుట ఇట్టిదే.

కందుకూరు విషయము మఱింత విచిత్రము. పండరంగని శాసనము అద్దంకిలో నిలిచి కందుకూరును జెప్పినది. 1904 వఱకు రెండును నెల్లూరు జిల్లాలోనివే. 1904లో విడిపోయినవి. 1970లో కలసినవి. 2022లో అద్దంకి బాపట్లకును, కందుకూరు నెల్లూరునకును పోవుటచే మఱల విడిపోయినవి. ఈ మార్పులన్నిటిలో రెంటిని ఒక్కచో నుంచినది 523 అను శీర్షము మాత్రమే. ఎఱ్ఱన జన్మస్థలముగా జెప్పబడు గుడ్లూరు కందుకూరు ప్రాంతములోనిది. ఆయన కొలువు అద్దంకిలోనిది. కవి యూరును, రాజు నగరమును ఒక జిల్లాలో జూపిన పాఠ్యపుస్తకము 1904కును 1970కిని నడుమదైనచో తప్పగును, 1970కిని 2022కిని నడుమదైనచో నొప్పగును.

పట్టణములోపల ఈ సంఖ్య యెంతవఱకు పనిచేయును? మహానగరములలో పేటపేటకు వేఱు సంఖ్య యున్నది. చెన్నపట్టణమున మైలాపూరు 600004, త్యాగరాయనగరము 600017. గుంటూరులో బ్రాడీపేటకు 522002. అచ్చట సంఖ్యయే పేటకు మాఱుపేరు. అద్దంకి యంతటికిని ఒక్కటే సంఖ్య. పైగా, శాఖా తపాలా కార్యాలయములు తమకు పైనున్న కార్యాలయపు సంఖ్యనే వాడునను నియమముచే చుట్టుపట్ల పల్లెలు కొన్ని దానినే పంచుకొనును. నార్కెట్‌పల్లినుండి వచ్చు రాజమార్గము అద్దంకి మీదుగా మేదరమెట్లకు బోయి మద్రాసు–కలకత్తా మార్గమును గలియును. అందుచే ఈ యూర బండ్ల సందడి యెప్పుడును తగ్గదు. మిరపకాయల బస్తాలును, ప్రత్తి బోరెములును, సింగరకొండ ప్రసన్నాంజనేయస్వామి దర్శనమునకై వచ్చు యాత్రికులును ఈ కూడలినుండియే పోవుదురు. ఇంత సందడిలో నొక యింటిని కనుగొనుటకు 523201 చాలదు. గుడి, చెఱువు, బడి, ఫలానావారి కొట్టు ప్రక్కన, అను మాటలు కావలెను. అనగా పండరంగడు ధర్మవురమునకు వాడిన పద్ధతియే కడపటి నూఱుబారల దూరమున నేటికిని సాగుచున్నది. జాబు పంచు జవానుకు ఆఱంకెలు ఊరివఱకు దారి చూపును. వీధిలో నాతనికి నోటిమాటయే యాధారము.

తాళపత్రముల పట్టికలను, శాసనముల సూచికలను సిద్ధము చేయువారు ఈ విషయమును గమనింపవలెనని మా కోరిక. లభించిన స్థలమునకు జిల్లా పేరు వ్రాయునపుడు ఏ సంవత్సరపు జిల్లాయో సూచింపవలెను. లేనిచో ఒకే తాటియాకు కట్ట నెల్లూరు జిల్లా అద్దంకి, గుంటూరు జిల్లా అద్దంకి, ప్రకాశము జిల్లా అద్దంకి యని మూడు ప్రతులుగా లెక్కకు వచ్చును. పాఠపరిష్కర్త లేని ప్రతులను వెదకుచు తిరుగును. 1972 తరువాత జేరిన ప్రతులకు జిల్లాతోపాటు తపాలా సంఖ్యను గూడ వ్రాసినచో మేలు. ధర్మవరమువంటి పేర్ల విషయమున అది మఱియు నవసరము. అంతకు పూర్వపు ప్రతులకు సంఖ్యను క్రొత్తగా చేర్చునపుడు దానిని కుండలీకరణములలో నుంచి, సంపాదకుని చేర్పని తెలుపవలెను. పాత జాబులు, కార్డులు దొరికినపుడు వానిమీది చిరునామాను గూడ ఉన్నదున్నట్లు నకలు వ్రాసికొనవలెను. తేదీ చెరిగిపోయిన కార్డుమీద అద్దంకి, గుంటూరు జిల్లా యని మాత్రమే యున్నచో అది 1904కు ముందుది కాదనియు, చాలవఱకు 1970కి ముందుదనియు చెప్పవచ్చును. ఆఱంకెలున్నచో 1972 ఆగస్టునకు ముందుది కానేరదు. కొందఱు పాత యలవాటుచే జిల్లా మాఱిన పిదపను చాలకాలము గుంటూరు జిల్లా యనియే వ్రాయుదురు గనుక, మొదటి గుఱుతుకంటె రెండవ గుఱుతు బలవత్తరము.