దేశం గోడ మీద చోటెవరికి?

2016 సెప్టెంబర్ 24న వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో బరాక్ ఒబామా ఓ మ్యూజియం తలుపులు తెరిచారు. ఏడు వారాలు తిరక్కముందే, నవంబర్ 8న, డొనాల్డ్ ట్రంప్ దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళలో అమెరికా నల్లజాతి కళ ఎంత ఎత్తుకు పోయిందో, ఎన్ని దెబ్బలు తిన్నదో చెప్పాలంటే ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకునే మొదలుపెట్టాలి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన మన అమ్మానాన్నలు వాషింగ్టన్ స్మారక స్తంభం ముందు ఫొటో దిగినప్పుడు, కాస్త వెనగ్గా కంచు రంగు భవనం ఒకటి అందులో పడే ఉంటుంది. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే మూడంచెల కిరీటంలా ఉంటుంది. యోరుబా శిల్పుల చెక్క స్తంభాల తలకట్టు చూసి ఆ రూపం తీసుకున్నారు ఆర్కిటెక్ట్ డేవిడ్ అజాయె. అదే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం. అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు ముసలివాళ్ళయ్యాక, 1915లో, తమకూ దేశ రాజధానిలో ఓ స్మారకం కావాలని అడగడం మొదలుపెట్టారు. చట్టం అయ్యేసరికి 2003 వచ్చింది. సంతకం పెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్. 54 కోట్ల డాలర్ల ఖర్చులో సగం ప్రభుత్వం పెట్టింది, సగం చందాల మీద వచ్చింది. ఓప్రా విన్‌ఫ్రీ ఒక్కరే 2.1 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఎవరి డబ్బు ఎంత అన్న ఈ లెక్క ఇక్కడ వదిలేస్తే తర్వాతి కథ సగమే అర్థమవుతుంది.

సర్కారు గోడ ఎక్కడం, దిగడం నల్లజాతి కళాకారులకు కొత్తేమీ కాదు. 1930ల మాంద్యంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కళాకారులకూ కూలి ఇచ్చి పని చేయించింది. హార్లెమ్‌లో ఆ డబ్బుతో నడిచిన కళాకేంద్రానికి శిల్పి ఆగస్టా సావేజ్ మొదటి డైరెక్టరు. ఆమె చుట్టూ తిరిగి పెరిగిన కుర్రాడే జేకబ్ లారెన్స్. దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీలకు తరలిపోయిన లక్షల నల్లజాతి కుటుంబాల కథను 1940-41లో 60 చిత్రాలుగా గీశాడు. ఇక సావేజ్ 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి చేసిన వీణ శిల్పంలో తీగలకు బదులు పాడుతున్న పిల్లలు నిలబడి ఉండేవారు. జనం విరగబడి చూశారు. కంచులో పోత పోయించడానికి డబ్బు లేక, ఫెయిర్ అయిపోగానే దాన్ని పగలగొట్టేశారు.

1969లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఏకంగా హార్లెమ్ మీదే పెద్ద ప్రదర్శన పెట్టింది. ఫొటోలున్నాయి, పాటలున్నాయి. హార్లెమ్ చిత్రకారుల బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. చిత్రకారుడు బెనీ ఆండ్రూస్ వంటివారు అట్టలు పట్టుకుని మెట్ల ముందు నిలబడ్డారు. ఈ ఇల్లు ఎవరిది, ఇక్కడ ఏం వేలాడదీయాలో తేల్చే ఈ నిపుణులు ఎవరి మనుషులు అన్నదే వాళ్ళ ప్రశ్న. అంతకు ముందు ఏడాదే హార్లెమ్‌లో ఓ మద్యం దుకాణం పైఅంతస్తులో స్టూడియో మ్యూజియం పుట్టింది.

సరిగ్గా ఆ ప్రశ్ననే యాభై ఏళ్ళ తర్వాత ట్రంప్ అడిగారు. జనాకర్షక నేతలందరి పద్ధతీ ఇదే కదా: అసలైన ప్రజలు ఒకవైపు, వాళ్ళ నెత్తినెక్కిన పెద్దలూ నిపుణులూ మరోవైపు. ఆ లెక్కన మ్యూజియం క్యూరేటర్ కంటే సులువైన గురి ఇంకెక్కడ దొరుకుతుంది? ప్రశ్న ఒకటే అయినా, జవాబులో 'ప్రజలు' అన్నప్పుడు ఎవరు లోపలుంటారు, ఎవరు బయటుంటారన్న దగ్గరే దారులు చీలాయి. పదవిలోకి వచ్చిన వెంటనే ఓవల్ ఆఫీసు గోడకు ట్రంప్ ఎక్కించిన పటం ఆండ్రూ జాక్సన్‌ది. 1828లో సామాన్యుడి మనిషిగా గెలిచినవాడు జాక్సన్. నాష్‌విల్ దగ్గర ఆయన పొలాల్లో పనిచేసిన బానిసలు ఆ సామాన్యుల లెక్కలోకి రాలేదు.

2017 మేలో వెనిస్ బినాలే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో అమెరికా తరఫున నిలబడినవాడు మార్క్ బ్రాడ్‌ఫర్డ్. ఒబామా హయాంలో ఎంపికై ట్రంప్ హయాంలో ప్రదర్శించాల్సి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో తల్లి నడిపిన బ్యూటీ పార్లర్లో జుట్టు చుడుతూ పెరిగినవాడు. అక్కడ రింగులు తిప్పేటప్పుడు జుట్టు కొసలకు చుట్టే పల్చటి కాగితాలే మొదట ఆయన రంగులు. అంచులు కాల్చి, వరసలుగా అతికించి కాన్వాసులు నింపాడు. వెనిస్‌లో అమెరికా పెవిలియన్ తెల్ల స్తంభాలు, గుమ్మటంతో జెఫర్సన్ బంగళాలా ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే మొదటి గదిలో పైకప్పు నుంచి ఉబ్బి వేలాడే ఎర్రటి, నల్లటి పెద్ద ముద్ద. గది నడుమంతా అదే ఆక్రమించింది. వచ్చినవాళ్ళు గోడకు ఒరుసుకుంటూ ఓరగా నడవాల్సిందే. మంత్రులైనా, కోటీశ్వరులైనా అంతే. దాని పక్కన ఏ నినాదమూ రాసి పెట్టలేదు. దేశం నడిమధ్య నుంచి అంచుకు తోసేస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్ళ భుజాలకే తెలిసింది. ఈ పదేళ్ళలో ఒక్క పని ఎంచమంటే నేను దాన్నే ఎంచుతాను.

అదే ఏడాది ఆగస్టులో వర్జీనియాలోని చార్లెట్స్‌విల్‌లో శ్వేతజాతి ఆధిపత్యవాదుల కాగడాలు లేచాయి. బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీ విగ్రహాన్ని తీసేయాలని నగర మండలి తీర్మానించడమే దానికి సాకు. ఎదురు నిరసనలో ఉన్న ఓ యువతిని కారుతో గుద్ది చంపారు. రెండు వైపులా మంచివాళ్ళున్నారని ట్రంప్ అన్నది ఆ సందర్భంలోనే. ఆ రోజు నుంచి అమెరికాలో కళ గురించిన గొడవ గోడల మీంచి పీఠాల మీదికి దూకింది.

2018 ఫిబ్రవరి 12న నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఒబామా దంపతుల చిత్రపటాలు ఆవిష్కరించారు. బరాక్‌ని గీసిన కెహిండే వైలీ ఆయన్ని పచ్చటి ఆకుల గుబురులో కూర్చోబెట్టాడు. ఆకుల నడుమ షికాగో చేమంతులు, హవాయి మల్లెలు, కెన్యా నీలి లిల్లీలు. మిషెల్‌ని గీసిన ఏమీ షెరాల్డ్ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలీదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వరకు హోటల్లో వడ్డన చేసిన మనిషి, గుండె మార్పిడి చేయించుకున్న మనిషి. ఆమె బొమ్మల్లో నల్లవాళ్ళ ఒళ్ళు నల్లగా ఉండదు, గోధుమ రంగులోనూ ఉండదు. పాత ఫొటోలోలా బూడిద రంగులో ఉంటుంది. చూసేవాడు ఒంటి రంగు దగ్గరే ఆగిపోకుండా మనిషి దాకా రావాలని ఆ ఎత్తు. గౌను, వెనకాల లేత నీలం మాత్రం పూర్తి రంగులు. పోలిక కుదరలేదని గొణిగినవాళ్ళున్నారు. రెండేళ్ళ పాప ఒకతి ఆ పటం ముందు నోరు తెరుచుకుని నిలబడిన ఫొటో దేశమంతా తిరిగాక ఆ గొణుగుడు ఎవరికీ వినపడలేదు.

అదే ఏడాది కెర్రీ జేమ్స్ మార్షల్ విషయంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. పార్కులో తీరిగ్గా గోల్ఫ్, క్రోకే ఆడుకునే నల్లజాతి కుటుంబాన్ని ఆయన 1997లో గీశాడు. షికాగోలో సమావేశ భవనాలు నడిపే సర్కారీ సంస్థ అప్పట్లో దాన్ని 25 వేల డాలర్లకు కొన్నది. 2018 మే వేలంలో అది 2.11 కోట్ల డాలర్లకు పోయింది. సొమ్ము సంస్థకు, పేరు చిత్రకారుడికి. ఆ ధర చూసి షికాగో మేయర్ రామ్ ఇమాన్యుయేల్‌కు మరో ఆలోచన వచ్చింది. పేదల పేటలో ఉన్న లెగ్లర్ లైబ్రరీ గోడకు మార్షల్ 1995లో 10 వేల డాలర్లకే గీసిచ్చిన కుడ్యచిత్రాన్ని అమ్మేస్తే లైబ్రరీని బాగుచేయొచ్చు కదా అని. మార్షల్ మండిపడ్డాడు. నవంబర్‌లో అమ్మకం ఆగిపోయింది. ఈ మేయర్ ట్రంప్ మనిషి కాదు, ఒబామా దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన డెమోక్రాట్. ప్రజల గోడ మీది బొమ్మను దించాలంటే ద్వేషమే అక్కర్లేదు, ధర పలికినా చాలు.

2019 సెప్టెంబర్‌లో వైలీ టైమ్స్ స్క్వేర్‌లో గుర్రపు విగ్రహం నిలబెట్టాడు. రిచ్‌మండ్‌లో దక్షిణాది సేనాని జె.ఇ.బి. స్టువర్ట్ విగ్రహం ఎలా ఉందో అచ్చం అదే గుర్రం, అదే ఠీవి. పైన కూర్చున్నది మాత్రం జడలు కట్టిన జుట్టు, చిరిగిన జీన్స్, హుడీ వేసుకున్న కుర్రాడు. డిసెంబర్‌లో అది రిచ్‌మండ్‌కే శాశ్వతంగా చేరింది. మరో ఏడు నెలలకు, 2020 జూలై 7న, అసలు స్టువర్ట్‌ని క్రేన్‌తో దించేశారు.

మధ్యలో మే 25 ఉంది. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు. జూన్ 5న వైట్‌హౌస్‌కు వెళ్ళే పదహారో వీధిలో రోడ్డు వెడల్పంతా పసుపు రంగు అక్షరాలతో నల్లవాళ్ళ ప్రాణాలకూ విలువుందని నగర మేయర్ రాయించారు. ఆర్థర్ జాఫా ఏడు నిమిషాల వీడియో చిత్రం, 2016 ఎన్నిక జరిగిన కొద్ది రోజులకే హార్లెమ్‌లో చూపించినది; దాన్ని జూన్ చివర్లో పదమూడు మ్యూజియంలు ఒకేసారి 48 గంటలపాటు ఆన్‌లైన్‌లో నడిపాయి. సంతాప ప్రకటన ఇవ్వని మ్యూజియం లేదు. అవి ఎంతవరకు మనసులోంచి వచ్చాయన్నది లెక్కలే చెబుతాయి: 31 అమెరికన్ మ్యూజియంలు 2008 నుంచి 2020 దాకా సేకరించిన కళాఖండాల్లో నల్లజాతి అమెరికన్లవి 2.2 శాతం.

ట్రంప్ వైపు నుంచి జవాబు జూలై 3న రష్‌మోర్ కొండ కింద వచ్చింది. అమెరికన్ వీరుల ఉద్యానవనం కడతామన్నారు. ఆ జాబితా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఫ్రెడరిక్ డగ్లస్, హారియట్ టబ్‌మన్, మార్టిన్ లూథర్ కింగ్ అందరూ ఉన్నారు. షరతు మాత్రం ఒకటి: విగ్రహాలు అచ్చం మనిషిలాగే ఉండాలి, నైరూప్యంగా కానీ ఆధునిక ధోరణిలో కానీ ఉండకూడదు. నల్లజాతి వీరులకు పీఠం ఇస్తారు. ఆ వీరుల్ని ఎలా చూడాలో నల్లజాతి శిల్పి నిర్ణయిస్తానంటేనే పేచీ.

బైడెన్ నాలుగేళ్ళను త్వరగా దాటేయొచ్చు. సిమోన్ లీ 2022లో వెనిస్‌లో అమెరికా పెవిలియన్‌లో నిలబడిన తొలి నల్లజాతి మహిళ అయింది, ప్రధాన ప్రదర్శనలో గోల్డెన్ లయన్ బహుమతి కూడా గెలిచింది. వేలంపాటల్లో పాతికేళ్ళ పిల్లలు గీసిన బొమ్మలు లక్షల డాలర్లకు ఎగబాకి, అంతే వేగంగా దిగాయి. మెచ్చుకోలుకూ మోజుకూ తేడా తెలిసింది.

రెండోసారి గెలిచాక ట్రంప్ మాటలతో సరిపెట్టలేదు. 2025 మార్చిలో పదహారో వీధి పసుపు అక్షరాల్ని నగరమే తవ్వేసుకుంది. లేకపోతే నిధులు ఆపుతామని కాంగ్రెస్‌లో బిల్లు సిద్ధంగా ఉంది. మార్చి 27న చరిత్రకు సత్యాన్నీ వివేకాన్నీ తిరిగి తెస్తామంటూ ఆర్డరు వచ్చింది. ఒబామా తెరిచిన మ్యూజియం కూడా ఉన్న స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంల మీద నిఘా బాధ్యత ఉపాధ్యక్షుడు వాన్స్‌కు అప్పగించారు. జాతి భావనను శిల్పం ఎలా మలిచిందో చూపే ప్రదర్శన ఒకదాన్ని పేరుపెట్టి మరీ తప్పుపట్టారు. ఆగస్టు 12న ఎనిమిది మ్యూజియంలకు తనిఖీ లేఖ వెళ్ళింది. బానిసత్వం ఎంత చెడ్డదో తప్ప అక్కడ ఇంకేమీ చెప్పరని ఆ తర్వాతి వారం ట్రంప్ స్వయంగా ఫిర్యాదు చేశారు.

ఈలోగా జూలైలో షెరాల్డ్ తన ప్రదర్శనే వెనక్కి తీసుకుంది. సెప్టెంబర్‌లో అదే పోర్ట్రెయిట్ గ్యాలరీలో మొదలవ్వాల్సింది. స్వేచ్ఛాదేవి భంగిమలో ఓ నల్లజాతి ట్రాన్స్ మహిళను చూపిన పటం దగ్గర లోపల జంకు మొదలైంది. పక్కన వివరణ వీడియో పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. పటం స్థానంలో వీడియో అన్నట్టు ఆమెకు అర్థమైంది, పటానికి తోడుగా అన్నామని సంస్థ చెప్పింది. ఆమె పెట్టె సర్దుకుంది. నవంబర్ 2న బొమ్మలన్నీ, ఆ పటంతో సహా, ఆమె ఏళ్ళ తరబడి బతికిన బాల్టిమోర్‌లో, ఆ నగర మ్యూజియంలో వేలాడాయి. రాజధాని నుంచి కారులో గంట దూరం.

2025 వసంతంలో న్యూయార్క్ మ్యూజియంలలో నడిచిన ప్రదర్శనలు చూడండి: గుగెన్‌హైమ్‌లో రషీద్ జాన్సన్, మోమాలో జాక్ విటెన్, విట్నీలో షెరాల్డే, మెట్రోపాలిటన్‌లో లోర్నా సింప్సన్. ఒకప్పుడు మెట్ల ముందు అట్టలు పట్టుకోవాల్సి వచ్చిన మెట్‌లో. వీళ్ళెవరూ ట్రంప్‌కు జవాబుగా గీసినవాళ్ళు కారు. విటెన్ అయితే ట్రంప్ మొదటి ఏలుబడి ఏడాది తిరిగేసరికే కన్నుమూశాడు. ఏళ్ళ తరబడి చేసిన పని ఇప్పుడు కాపుకొచ్చింది. దీన్నంతా 'ప్రతిఘటన కళ' అని ఒక్క మూటలో కట్టేసే విమర్శకులతో నాకు పేచీ ఉంది. పార్కులో క్రోకే ఆడే కుటుంబాన్ని గీసిన మార్షల్ ఎవర్నీ ప్రతిఘటించట్లేదు, వాళ్ళు ఆడుకుంటున్నారంతే.

2025 అక్టోబర్‌లో దేశానికి రెండు కొసల్లో రెండు విగ్రహాలు నిలబడ్డాయి. వాషింగ్టన్‌లో 2020 జూన్ 19న నిరసనకారులు పడగొట్టిన దక్షిణాది సేనాని ఆల్బర్ట్ పైక్ విగ్రహాన్ని కేంద్ర ప్రభుత్వం బాగుచేయించి తిరిగి నిలబెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో దించేసిన దక్షిణాది విగ్రహాలతోనే 'మాన్యుమెంట్స్' అనే ప్రదర్శన మొదలైంది. చార్లెట్స్‌విల్ లీ విగ్రహం అందులో లేదు. కరిగించగా మిగిలిన కంచు దిమ్మెలున్నాయి. అదే ఊరి నుంచి వచ్చిన స్టోన్‌వాల్ జాక్సన్ గుర్రపు విగ్రహాన్ని కళాకారిణి కారా వాకర్ కోయించి, ముక్కల్ని వేరే వరసలో అతికించింది. తల ఉండాల్సిన చోట తల లేదు. రౌతు ఎక్కడ ఆగాడో, గుర్రం ఎక్కడ మొదలైందో పోల్చుకోవాలంటే చుట్టూ తిరిగి చూడాలి. 1921లో నిలబెట్టిన అదే కంచు. పైక్ ప్రభుత్వ స్థలంలో ప్రభుత్వ విగ్రహం కాబట్టి ఒక్క ఆర్డరుతో లేచి నిలబడ్డాడు. జాక్సన్‌ని మాత్రం చార్లెట్స్‌విల్ నగరం 2021లోనే లాస్ ఏంజెలెస్‌లోని ఇప్పుడు 'ద బ్రిక్' అని పిలిచే చిన్న కళాసంస్థకు రాసిచ్చేసింది. దాని మీద వైట్‌హౌస్ ఆర్డరు చెల్లదు.