కార్మో: మేయర్‌ని గెలిపించి, నిలబెట్టుకున్న ఊరు

ఈసారి దూరపు ఊరి చరిత్ర చెప్తా.

ఫ్రాన్స్ దక్షిణాన, తార్న్ జిల్లాలో కార్మో అనే చిన్న ఊరుంది. నేల కింద బొగ్గు. ఆ బొగ్గుతో మండే కొలిమిల్లో సీసాల తయారీ. రెండూ సొలాజ్ అనే జమీందారీ కుటుంబం మొదలుపెట్టినవే. 1892 నాటికి గనీ వాళ్లదే, ఎంపీ సీటూ వాళ్లదే.

ఆ ఏడాది జనం కాల్విన్యాక్ అనే గని కార్మికుణ్ణి మేయర్‌గా గెలిపించుకున్నారు. మేయర్ పనులకి సెలవు అడిగితే కంపెనీ ఇవ్వలేదు, పనిలోంచే తీసేసింది. ఓటు మీరే వేయండి, మనిషి మాత్రం మావాడే ఉండాలి అన్నట్టు! గని ఆగిపోయింది. సైన్యం దిగింది. రెండున్నర నెలలు సమ్మె చేశాక అతన్ని మళ్లీ తీసుకోక తప్పలేదు. సొలాజ్ ఎంపీ పదవికి రాజీనామా చేశాడు. 1893లో ఆ సీటు కార్మికుల తరఫున నిలబడ్డ ఫిలాసఫీ లెక్చరర్ ఝాన్ జోరెస్‌కి వచ్చింది.

1895లో యూనియన్ నాయకుల్ని తీసేశారని సీసాల కార్మికులు పని ఆపితే, యజమాని గేటే మూసేశాడు. వాళ్లు చందాలు పోగుచేసి, దగ్గర్లోని ఆల్బీలో 1896కల్లా సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నారు.

కార్మోలో బొగ్గు తవ్వకం 1997లో ఆగిపోయింది. ఆల్బీలో మాత్రం సీసాలు ఇంకా తయారవుతున్నాయి.

మన ఏజెన్సీ పంచాయతీల్లోనూ సర్పంచులు మనవాళ్లే. మరి వాళ్ల మాట కాదన్నప్పుడు గెలిపించిన మనం ఎంతమందిమి వెనక నిలబడుతున్నాం?