దిద్దని పేపరు

2003 నవంబరు 23, ఆదివారం. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ. గది నిండా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. అందరి బల్లల మీదా ముందురోజు రాత్రే చెక్కిపెట్టుకున్న పెన్సిళ్లు, రబ్బరు, హాల్ టికెట్టు. కిటికీ పక్క వరసలో కూర్చున్న అమ్మాయిది సూర్యాపేట. ఇంజనీరింగ్ పూర్తిచేసి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఆమె ముందున్న పుస్తకంలో 150 ప్రశ్నలు. గడువు రెండు గంటలు. లెక్కకట్టి చూస్తే ఒక్కో ప్రశ్నకు 48 సెకన్లు.

ఆమె పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఆ రోజు దేశమంతటా ఐఐఎంల ప్రవేశపరీక్ష క్యాట్ రాసిన లక్షా పాతిక వేల మందికి పైగా అభ్యర్థుల్లో అలాంటివాళ్లు ఎందరో. వాళ్ల కష్టాలు కలిపి అల్లిన మనిషి ఈ అమ్మాయి. తేదీలు, పరీక్ష వివరాలు, ప్రభుత్వ నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

ఐఐఎంలంటే మేనేజ్‌మెంట్ చదువు చెప్పే కేంద్ర విద్యాసంస్థలు. అప్పటికి దేశంలో అవి ఆరే. అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, లక్నో, ఇండోర్, కోళికోడ్. ఆరింటిలో కలిపి సీట్లు వెయ్యి పైచిలుకు. వందమంది రాస్తే ఒకరికి దక్కే సీటు అది.

ఆమె తండ్రి ఆర్టీసీ కండక్టరు. టిక్కెట్ల ట్రే చంకన పెట్టుకుని, జనం మధ్యలో దారి చేసుకుంటూ, బస్సు స్టేజీ దాటేలోగా ఎన్ని టిక్కెట్లు తెగాయో ఎస్సార్ కాగితం మీద ఎక్కించాలి. చిల్లర తేడా వస్తే జేబులోంచి కట్టాలి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని వెళ్లేది. "పదమూడున్నర టిక్కెట్లు మూడు, యాభై ఇచ్చిండు, ఎంతియ్యాలె?" అని అడిగేవాడు. వేళ్లు మడవకుండా చెప్పాలి. తొమ్మిదిన్నర. ఆ అలవాటే ఆమెకు క్యాట్‌లో మొదటి పెట్టుబడి అయింది.

ఆమె రోజూ చదువుకునే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఆమె పద్ధతి చూసినవాళ్లకు ఆ సంగతి తెలిసేది. పట్టికలో ఒక కంపెనీ అమ్మకాలు 612 కోట్లు, అందులో ఎగుమతులు 437 కోట్లు, ఎగుమతుల వాటా ఎంత శాతం అని ప్రశ్న. పక్కవాళ్లు భాగహారం మొదలుపెడతారు. ఆమె కాగితం ముట్టదు. 612ను ఏడుతో భాగిస్తే 87 పైన, దాన్ని అయిదుతో హెచ్చిస్తే 437 దాటి కొద్దిగా. అంటే ఇది ఏడింట అయిదు వంతులు, వెంట్రుకవాసి తక్కువ. ఏడింట అయిదంటే 71.4 శాతం. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 71కి దగ్గరగా ఉన్నది ఒక్కటే అయితే పని అయిపోయినట్టే. పది సెకన్లు. భిన్నాల శాతాలు ఇరవై దాకా, వర్గాలు ముప్పై దాకా నోటికి రావాలని కోచింగ్ సెంటర్లో మొదటి వారమే చెప్పారు. క్యాట్ కోచింగ్‌లో దేశమంతా పేరుపడిన టైమ్ సంస్థ 1992లో పుట్టింది ఈ జంటనగరాల్లోనే కాబట్టి, ఆ రోజులకే ఇక్కడ ఇలాంటి మెళకువలు గదిగదికీ పాకిపోయాయి.

లెక్కలతో పేచీ లేదు. ఇంగ్లీషుతోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. చదివి అర్థం చేసుకోవాల్సిన పాఠాలు పేజీడేసి ఉండేవి. ఒకటి ఆర్థికశాస్త్రం, ఒకటి సంగీతం, ఇంకోటి ఎవరో ఫ్రెంచి తత్వవేత్త గురించి. మొదట్లో ఒక్క పాఠానికే పావుగంట పట్టేది. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో ఇంగ్లీషు పదాలు నేర్పే నార్మన్ లూయిస్ పుస్తకం కొనుక్కుంది. రోజూ లైబ్రరీకి వెళ్లగానే హిందూ పత్రిక సంపాదకీయం చదివి, పేపరు మూసి, అందులో రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులో రాసుకునేది. తెలుగులో రాయలేకపోతే అర్థం కానట్టే లెక్క. ఇది ఆమెకు ఎవరూ చెప్పింది కాదు. తెలుగు మీడియం నుంచి ఇలాంటి పరీక్షలకు వచ్చే పిల్లలకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

అన్నిటికంటే కష్టమైంది వదిలెయ్యడం. మన పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల ప్రవేశపరీక్ష ఎంసెట్‌తో పెరిగారు. అందులో తప్పు రాసినా మార్కు పోదు, ఒక్క వృత్తం కూడా ఖాళీగా వదలొద్దని ఇంటర్ రెండేళ్లూ నూరిపోసేవారు. క్యాట్ దీనికి పూర్తిగా తలకిందులు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. పైగా ఇంగ్లీషు, లెక్కలు, పట్టికలు అని మూడు విభాగాలకూ విడివిడిగా కటాఫ్. లెక్కల్లో కొండ ఎక్కినా ఇంగ్లీషులో కటాఫ్ తప్పితే ఇంటర్వ్యూకు పిలుపు రాదు. ఆమె మొదటి మాక్ పరీక్షల్లో నూటికి పైగా ప్రశ్నలు చేసి, తప్పులతో సగం పోగొట్టుకునేది. ప్రతి ఆదివారం పరీక్ష, ప్రతి సోమవారం దాని పోస్టుమార్టం. ఏ ప్రశ్న చేతకాక తప్పయింది, ఏది తొందరలో తప్పయింది, ఏది అసలు ముట్టుకోకుండా ఉండాల్సింది అని మూడు రంగుల్లో గీతలు. దసరా వెళ్లేసరికి ఆమె చేసే ప్రశ్నలు తగ్గాయి, మార్కులు పెరిగాయి. చేతికి అందే ప్రశ్నను చూసి కూడా దాటిపోవడం ఒక నిగ్రహం. అది ఏ పుస్తకంలోంచీ రాదు.

ఈ మధ్యలో చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటరు ట్రంకు పెట్టెలో ఉంది. 2001 నుంచి ఐటీ రంగం మందగించింది. క్యాంపస్‌లో తీసుకున్న పిల్లల్ని కూడా రేపు, మాపు అంటూ కూర్చోబెట్టారు. చివరికి డిసెంబరు మొదటివారంలో చేరమని కబురొచ్చింది. పరీక్ష నవంబరు 23న అయిపోతుంది కాబట్టి రెండింటికీ కుదిరిందనుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె హాల్లోంచి బయటికి వచ్చి ఎస్టీడీ బూతు నుంచి సూర్యాపేట డిపోకు ఫోను చేసింది. "నాయినా, మంచిగ రాసిన. ఇంగ్లీషు కూడ ఒడ్డెక్కుతది" అంది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "తిన్నవా?" అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్ హాల్లో టీవీ చుట్టూ అమ్మాయిలు మూగారు. క్యాట్ ప్రశ్నపత్రం బయటికి పొక్కింది, ఢిల్లీలో సీబీఐ ఒక ముఠాను పట్టుకుంది, పరీక్ష రద్దు. పేపరును లక్షలకు బేరం పెట్టారట. వార్త చదివేవాడు తర్వాత వేరే సంగతికి వెళ్లిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున అదే పరీక్ష రాసి వచ్చిన ఇంకో అమ్మాయి లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు తండ్రి హాస్టల్ ల్యాండ్‌లైనుకు ఫోను చేశాడు.

"పేపరు అమ్ముకున్నరంట గద బిడ్డా. డిపోల అందరు అదే మాట."

"అవు నాయినా. రద్దు జేసిన్రు. మల్ల రాయాలె."

"ఎన్నడంట?"

"ఇంక జెప్పలే."

కాసేపు మాట లేదు.

"నువ్వు కొనలే గద. నువ్వు మంచిగనే రాస్తివి. నీది గూడ దిద్దరా?"

"ఎవ్వలదీ దిద్దరు నాయినా."

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ఐఐఎంల దగ్గర జవాబు లేదు, సీబీఐ దగ్గర లేదు, ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరి దగ్గరా లేదు. పేపరు ఎందరి చేతుల్లోకి వెళ్లిందో తేల్చలేనప్పుడు అందరికీ రద్దు చెయ్యడం తప్ప మార్గం లేదు. ఆ నిర్ణయం సరైనదే. సరైనదే గానీ, దాని ధర మొత్తం చెల్లించింది మాత్రం ఏ తప్పూ చెయ్యని లక్ష పైచిలుకు మంది.

మళ్లీ పరీక్ష 2004 ఫిబ్రవరి 15న అన్నారు. మొదటి పరీక్షకూ దీనికీ మధ్య 84 రోజులు. బయటివాళ్లకు అది అదనంగా దొరికిన సమయంలా కనిపించింది. "ఇంకా బాగా చదువుకోవచ్చు కదా" అన్నవాళ్లూ ఉన్నారు. పోటీ పరీక్ష రాసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఏడాది సాధనను ఒక తేదీకి గురిచూసి తీసుకువెళ్తారు. ఆ తేదీ దాటగానే ఒళ్లూ మనసూ దిగిపోతాయి. మళ్లీ అదే ఎత్తుకు వెళ్లాలంటే మొదటిసారి కంటే ఎక్కువ శ్రమ. ఆమె నోటు పుస్తకాలన్నీ అప్పటికే జూనియర్ అమ్మాయికి ఇచ్చేసింది. తిరిగి అడగడానికి మొహం చెల్లక రెండురోజులు తిరిగింది.

ఉద్యోగం సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. చేరితే చదువుకు తీరిక ఉండదు. చేరకపోతే ఇంకోసారి పిలుస్తారన్న నమ్మకం లేదు. "చేతికొచ్చిన నౌకరి ఇడువకు బిడ్డా. సదువు యాడున్నా సదువొచ్చు" అన్నాడు తండ్రి. ఆయన జీతంలో తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు కూడా ఉంది. ఆమె చెన్నై వెళ్లింది.

అక్కడ పొద్దున నుంచి సాయంత్రం దాకా ట్రైనింగు. రాత్రి గదిలో ముగ్గురు అమ్మాయిలు, ఒకే ట్యూబులైటు. పదకొండుకు ఆర్పేస్తే ఆమె వరండాలోకి వెళ్లేది. జనవరి మొదటి ఆదివారం జంషెడ్‌పూర్‌లోని మేనేజ్‌మెంట్ సంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ వాళ్ల ప్రవేశపరీక్ష ఎక్సాట్ ఉంది. దరఖాస్తు పెట్టినా సెలవు దొరక్క రాయలేదు.

ఫిబ్రవరి 5న ఇంకో వార్త. కేంద్ర మానవ వనరుల మంత్రి మురళీ మనోహర్ జోషీ ఐఐఎంల వార్షిక ఫీజును లక్షా యాభై వేల నుంచి 30,000కు తగ్గించమని ఆదేశించారు. యూఆర్ రావు కమిటీ సిఫారసును ఆధారంగా చూపించారు. ఐఐఎంల స్వతంత్రతకు ఇది గొడ్డలిపెట్టని పత్రికలు, పారిశ్రామికవేత్తలు దుమారం లేపారు. వాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది మేలో ప్రభుత్వం మారాక ఆ ఆదేశం వెనక్కి పోయింది. స్వతంత్రత అవసరమే, కాదనను. కానీ రెండేళ్లకు మూడు లక్షలంటే బ్యాంకు అప్పుకు జామీను ఎవరని వెతుక్కునే ఇంట్లో ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో ఆ చర్చల్లో ఎక్కడా వినపడలేదు. సూర్యాపేట డిపోలో ఆ తండ్రి పేపరు కత్తిరింపు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షా కేంద్రం హైదరాబాదే. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్లి చెన్నై సెంట్రల్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. ఆదివారం రాసింది. మళ్లీ రాత్రి బండికే తిరుగు ప్రయాణం. సోమవారం ట్రైనింగులో ఆలస్యానికి చీవాట్లు.

ఫలితాల్లో లెక్కలు, పట్టికలు ఆమె అనుకున్న చోటే ఉన్నాయి. ఇంగ్లీషులో కటాఫ్ తప్పింది, కొద్దిలో. ఏ ఐఐఎం నుంచీ పిలుపు రాలేదు. నవంబరులో రాసిన పేపరులో ఆ విభాగం గట్టెక్కేదా అన్నది ఆమెకు ఇక ఎప్పటికీ తెలియదు. ఆమె జవాబుపత్రం మూల్యాంకనం కాకుండానే పోయింది. మరుసటేడు ఆమె రాయలేదు. తమ్ముడి చదువు, ఇంటి అప్పు, ప్రాజెక్టు పని. ఉద్యోగంలో బాగానే ఎదిగింది. ఓడిపోయిందని నేను అనను. ఆమె గెలుపోటములు తేల్చాల్సిన పరీక్షను ఎవరో డబ్బుకు అమ్ముకున్నారు, అంతే చెప్పగలను.

అశోక్‌నగర్‌లో ఈ కథ అక్కడితో ఆగలేదు. 2022 అక్టోబరు 16న తెలంగాణ ప్రభుత్వోద్యోగాల పరీక్ష గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. పేపర్లు లీకయ్యాయని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. నిర్వహణలో లోపాలున్నాయని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్‌తో మూడోసారి ప్రిలిమ్స్ జరిగింది 2024 జూన్ 9న. అదే లైబ్రరీ మెట్ల మీద, అవే హాస్టల్ గదుల్లో ఇరవై నెలలు. ఆ పిల్లల్లో కూలీనాలీ చేసి డబ్బు పంపే తల్లిదండ్రుల బిడ్డలు ఎందరో.

2024 జూన్ 21 నుంచి కేంద్రంలో ప్రభుత్వ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. పేపరు లీకు చేస్తే మూడు నుంచి అయిదేళ్ల జైలు. ముఠాగా ఏర్పడి చేస్తే అయిదు నుంచి పదేళ్లు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. ఇది రావాల్సిన చట్టమే, ఆలస్యంగానైనా వచ్చింది. కానీ రద్దయిన పరీక్షకు దూరప్రయాణం చేసి వచ్చిన అభ్యర్థికి ఆ చట్టంలో ఏమీ లేదు. రైలు చార్జీ లేదు, పోయిన నెలలకు వయోపరిమితి సడలింపు లేదు, మళ్లీ పరీక్ష ఇన్ని రోజుల్లోగా పెట్టాలన్న గడువూ లేదు. దోషుల దగ్గర వసూలు చేసే ఆ కోట్ల జరిమానాలో మొదటి వాటా పరీక్ష నిజాయితీగా రాసినవాళ్లదే కావాలి. రద్దు ప్రకటించిన రోజే కొత్త తేదీ కూడా చెప్పాలి. ఈ రెండూ చట్టంలో చేర్చమని మన ఎంపీలను అడుగుదాం.