మీటకూ నాదానికీ నడుమ

హార్మోనియం మీట మీద వేలు వేయగానే స్వరం పలుకుతుంది. వేయడానికీ వినడానికీ నడుమ కాలం గడిచినట్లు మనకు తోచదు. అయినా గడుస్తూనే ఉన్నది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అనగా మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు మీటర్ల ఎడంగా ఉన్న మృదంగం దెబ్బ గాయకుని చెవిని చేరేసరికి 6 మిల్లీసెకన్లు గడుస్తాయి. అంతమాత్రాన తాళం తప్పదు. ఆ వ్యవధి పెరిగినప్పుడే చిక్కు.

ఈ చిక్కు టేపు యంత్రాల కాలంలోనే ఎదురయింది. ఆ యంత్రంలో ధ్వనిని వ్రాసే హెడ్డు ఒకటి, దానిని దాటిన తర్వాత వినిపించే హెడ్డు మరొకటి. వాటి నడుమ దూరం అంగుళంన్నర ఉన్నదనుకొందాము. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు మీద అది సెకనులో పదవ వంతు, అనగా 100 మిల్లీసెకన్లు. పాత పాటను వింటూ కొత్త గొంతు చేర్చబోతే, అది అంత వెనుకబడి పడేది. ఆంపెక్స్ సంస్థవారు వ్రాసే హెడ్డు చేతనే పాత ట్రాకును వినిపించి ఈ లోపాన్ని తొలగించారు. గిటారు విద్వాంసుడు లెస్ పాల్ 1957లో పొందిన ఎనిమిది ట్రాకుల యంత్రంలో ఈ ఏర్పాటే ఉన్నది.

1983లో మిడి పద్ధతి వచ్చింది. మీట నొక్కిన వార్తను వాద్యానికి చేర్చడానికి దానికి ఒక మిల్లీసెకను చాలును. కాని కంప్యూటరు ధ్వనిని ఒక్కొక్క చుక్కగా గాక, కొంత పోగుచేసి పంపుతుంది. ఈ పోగుకే బఫర్ అని పేరు. సెకనుకు 44,100 సాంపిళ్ల చొప్పున, 256 సాంపిళ్ల బఫర్ నిండడానికి 5.8 మిల్లీసెకన్లు, 1,024 అయితే 23 మిల్లీసెకన్లు. స్టయిన్‌బర్గ్ సంస్థ 1997లో వెలువరించిన ఆసియో పద్ధతి ఈ దారిని దగ్గర చేసింది. 1999 నాటికి కంప్యూటరులోనే పలికే వర్చువల్ వాద్యాలను ఆ సంస్థవారి క్యూబేస్‌లో వాయించడం సాధ్యమయింది.

ఇక్కడ ఒక వింత గమనింపదగి ఉన్నది. మైకులో పాడిన గొంతు కంప్యూటరులోనికి పోయి తిరిగి చెవికి రావాలి. బఫర్ రెండుమార్లు అడ్డుపడుతుంది. వర్చువల్ వాద్యానికి వెలుపలికి వచ్చే దారిలో ఒక్కమారే. అయినా ఎక్కువ ఇబ్బంది రెండవదానికే! గొంతును ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా హెడ్‌ఫోనుకు మళ్లించవచ్చును. వెనుకబడిన ట్రాకును తర్వాత కంప్యూటరే సరిదిద్దుకొంటుంది. వర్చువల్ వాద్యపు నాదమో, కంప్యూటరు గణించే వరకు పుట్టనే పుట్టదు. పుట్టని నాదానికి అడ్డదారి లేదు. బఫర్ తగ్గించడమొక్కటే మార్గం. మరీ తగ్గిస్తే కంప్యూటరు అందుకోలేక చిటపటలు వినవస్తాయి.

తన గొంతు తనకే ఆలస్యంగా వినవచ్చినప్పుడు లయజ్ఞుడైన గాయకుడు సైతం తడబడతాడు. లోపం తనదేనని నొచ్చుకొన్నవారిని మేము ఎరుగుదుము. ఇంటివద్ద రికార్డింగు చేసుకొనేవారు, తాళం తప్పినదని తమను నిందించుకొనే ముందు, ఒక్కసారి బఫర్ సంఖ్యను చూడడం మంచిది.