విపత్తు సమయాల్లో అధికారుల చట్టబద్ధ అధికారాలు: లిఖితపూర్వక ఉత్తర్వే ఆధారం

తుఫాను హెచ్చరిక వెలువడినది మొదలు వరద నీరు తీసేంత వరకు జిల్లా యంత్రాంగం తీసుకునే చర్యలలో అనేకం సాధారణ పరిస్థితులలో అధికారులకు లేని అధికారాలపై ఆధారపడి ఉంటాయి. ప్రైవేటు పడవలను, లారీలను తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవడం, కల్యాణ మండపాలను పునరావాస కేంద్రాలుగా మార్చడం, రాకపోకలను నిలిపివేయడం, టెండర్లు పిలువకుండానే టార్పాలిన్లు, ఆహార సామగ్రి కొనుగోలు చేయడం ఇందుకు ఉదాహరణలు. ఇట్టి అధికారాలకు మూలమేది, వాటి హద్దులేవి అన్న విషయమై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి సిబ్బందికి ఉపకరించే నిమిత్తం సంబంధిత చట్ట నిబంధనలను ఇక్కడ వివరించడమైనది.

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. విపత్తు సమయపు చర్యలను వార్తలలో తరచుగా ‘ఎమర్జెన్సీ’ అని పేర్కొంటున్నారు. రాజ్యాంగం 352వ అధికరణం కింద ప్రకటించే అత్యవసర పరిస్థితి వేరు. అది 1962, 1971, 1975 సంవత్సరాలలో మూడుసార్లు మాత్రమే అమలులోకి వచ్చినది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ అనంతరం యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు మాత్రమే అందుకు కారణాలు కాగలవు. వరదలు, తుఫానులు ఆ జాబితాలో లేవు. అదేవిధంగా ప్రతి పెనుతుఫాను తరువాత వినవచ్చే ‘జాతీయ విపత్తుగా ప్రకటించాలి’ అన్న డిమాండుకు చట్టంలో నిర్దిష్టమైన నిబంధన ఏదీ లేదు. అట్టి ప్రకటన లేనంత మాత్రాన కలెక్టరు అధికారాలు తగ్గవు. విపత్తు ముంచుకు వచ్చే పరిస్థితి ఏర్పడితే చాలును.

ఈ అధికారాలకు ప్రధాన ఆధారం విపత్తుల నిర్వహణ చట్టం, 2005. దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తి వేలాది మంది ప్రాణాలను బలిగొన్న నాడు విపత్తులకు ప్రత్యేకించిన సమగ్ర కేంద్ర చట్టం లేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం, ఏడాది తిరగకముందే, 2005 డిసెంబరు 23న ఈ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించినది. దీని ప్రకారం రాష్ట్ర ప్రాధికార సంస్థకు ముఖ్యమంత్రి, రాష్ట్ర కార్యనిర్వాహక సంఘానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులుగా ఉంటారు. అత్యవసర సందర్భంలో సంస్థ సమావేశమయ్యే వరకు వేచి ఉండకుండా దాని అధికారాలన్నిటినీ కలెక్టరు వినియోగించవచ్చునని సెక్షన్ 26 తెలుపుతున్నది. అయితే సదరు చర్యలకు సంస్థ తదుపరి ఆమోదం పొందవలసి ఉంటుంది. ఈ రెండవ భాగం హడావుడిలో మరుగున పడే అవకాశం ఎక్కువ.

ప్రభావిత ప్రాంతంలోకి వాహనాల రాకపోకలను నియంత్రించడం, ప్రజల ప్రవేశ నిష్క్రమణలను పరిమితం చేయడం, శిథిలాల తొలగింపు, ఆశ్రయం, ఆహారం, మందుల ఏర్పాటు, అత్యవసర సమాచార వ్యవస్థ నెలకొల్పడం మొదలైనవి సెక్షన్ 34 కింద జిల్లా సంస్థకు దఖలు పడిన అధికారాలు.

సామాన్య పౌరుని ఆస్తికి సూటిగా సంబంధించినది సెక్షన్ 65. సహాయక చర్యల నిమిత్తం అవసరమైన వనరులను, భవనాలను, స్థలాలను, వాహనాలను జిల్లా సంస్థ గాని, అది అధికారమిచ్చిన అధికారి గాని స్వాధీనం చేసుకోవచ్చును. ఇందుకు చట్టం విధించిన షరతు ఒక్కటే, కాని అతి ముఖ్యమైనది: ఉత్తర్వు లిఖితపూర్వకంగా ఉండాలి. ఫోనులో చెప్పిన మాట, సిబ్బంది నోటి ఆదేశం ఉత్తర్వు కాజాలవు. చట్టంలోని ‘వాహనం’ నిర్వచనం యంత్రశక్తితో నడిచేదానికే పరిమితం కాలేదు కనుక మోటారు లేని నాటుపడవ సైతం ఇందులో చేరుతుందని భావించవచ్చును. వాహన యజమానికి ఆ ప్రాంతంలో అమలులో ఉన్న కిరాయి రేట్ల ప్రాతిపదికన, భవన యజమానికి అద్దె ప్రాతిపదికన నష్టపరిహారం చెల్లించాలని సెక్షన్ 66 నిర్దేశిస్తున్నది. భవనం అప్పగించినందున నివాసమో, వ్యాపారమో మార్చుకోవలసి వస్తే అందుకైన సహేతుకమైన ఖర్చులు సైతం ఇవ్వాలి. భవన పరిహారం చాలదని భావించినవారు 30 రోజులలోగా మధ్యవర్తికి నివేదించవలసిందిగా ప్రభుత్వాన్ని కోరవచ్చును. వారం రోజులు పడవ నడిపి వందలాది మందిని ఒడ్డుకు చేర్చిన మత్స్యకారునికి ఆనక కిరాయి రావాలన్నా, అతని పడవ పగిలితే అడిగే ఆధారం ఉండాలన్నా ఆ ఒక్క కాగితమే దిక్కు. ఉత్తర్వు ప్రతిని యజమానికి అక్కడికక్కడే అందజేయడం, అందులో తేదీ, సమయం, వాహనం వివరాలు నమోదు చేయడం అధికారులకు సైతం రక్షణగా ఉంటుంది.

కొనుగోళ్ల విషయంలో సెక్షన్ 50 అసాధారణమైన వెసులుబాటు కల్పించినది. తక్షణ కొనుగోలు అవసరమని సంస్థ సంతృప్తి చెందినచో సంబంధిత శాఖకు అనుమతి ఇవ్వవచ్చును. టెండర్లు పిలిచే నియమం రద్దయినట్లే భావించబడుతుంది. అధికారం పొందిన నియంత్రణాధికారి ఇచ్చే వినియోగ ధ్రువపత్రమే లెక్కలకు చెల్లుబాటయ్యే వోచరు. టెండరు మినహాయింపు లెక్క మినహాయింపు కాదు. సహాయ ధనాన్ని, సామగ్రిని దుర్వినియోగం చేసినవారికి సెక్షన్ 53 కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చును. తప్పుడు వివరాలతో సాయం పొందినవారికి సెక్షన్ 52 కింద శిక్ష కూడా అంతే.

అధికారుల ఆదేశాలను సహేతుక కారణం లేకుండా తిరస్కరించినవారికి, విధులకు ఆటంకం కలిగించినవారికి సెక్షన్ 51 కింద ఏడాది వరకు, అందువల్ల ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చును. 2020 మార్చి 25 నుండి అమలైన 21 రోజుల లాక్‌డౌన్‌కు కేంద్ర హోంశాఖ ఇదే చట్టాన్ని ఆధారం చేసుకొన్నది. పాత 144వ సెక్షన్‌కు బదులు 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 163 అమలులో ఉన్నది. దాని కింద జారీ అయ్యే ఉత్తర్వు రెండు నెలలకు మించి చెల్లదు. ఆపై పొడిగించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే.

పత్రికా రంగానికి సంబంధించినంత వరకు ఈ చట్టంలో సెన్సారు అధికారం ఎక్కడా లేదు. విపత్తు హెచ్చరికలను, సూచనలను ప్రసారం చేయవలసిందిగా ప్రసార సాధనాలకు ఆదేశాలివ్వాలని ప్రభుత్వానికి సిఫారసు చేసే వీలు సెక్షన్ 67 కల్పిస్తున్నది. సెక్షన్ 54 కింద నేరం కావాలంటే హెచ్చరిక అబద్ధమై ఉండాలి, దానివల్ల భయాందోళనలు కలగాలి. సహాయక చర్యలలో లోపాన్ని ఎత్తిచూపే వార్త దీని పరిధిలోకి రాదు. 2020 మార్చి 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు సైతం, అధికారిక సమాచారాన్ని ప్రస్తావించి ప్రచురించాలని మాధ్యమాలకు సూచిస్తూనే, మహమ్మారిపై స్వేచ్ఛగా జరిగే చర్చలో జోక్యం చేసుకోదలచలేదని స్పష్టం చేసినది.

అధికారులపై చట్టం మోపిన బాధ్యత తక్కువేమీ కాదు. పై అధికారి లిఖితపూర్వక అనుమతి గాని, చట్టబద్ధమైన కారణం గాని లేకుండా విధుల నుండి తప్పుకొన్న అధికారికి సెక్షన్ 56 కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా విధించవచ్చును. అయితే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం. సద్భావంతో చేసిన పనులకు సెక్షన్ 73 రక్షణ కల్పిస్తున్నది. ఈ చర్యలపై సుప్రీంకోర్టు, హైకోర్టు మినహా ఇతర న్యాయస్థానాలకు విచారణాధికారం లేదు. సహాయం అందించడంలో లింగ, కుల, వర్గ, వంశ, మత విచక్షణ పాటించరాదని సెక్షన్ 61 నిషేధించినది. నేరం జరిగినదని భావించిన ఏ పౌరుడైనా 30 రోజుల నోటీసు ఇచ్చి న్యాయస్థానంలో ఫిర్యాదు చేయవచ్చును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నగరంలోని కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. అట్టి నగరాలకు ఉపకరించే మార్పు 2025లో జరిగినది. ఆ ఏడాది చట్ట సవరణ ద్వారా రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను నెలకొల్పే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకు కలిగినది. దీనికి మునిసిపల్ కమిషనరు అధ్యక్షులుగా, కలెక్టరు ఉపాధ్యక్షులుగా ఉంటారు. ఇట్టి సంస్థ ఏర్పాటైన నగరాలలో వార్త రాసే ముందు ఉత్తర్వుపై సంతకం ఏ సంస్థ పక్షాన జరిగినదో, అందులో ఏ సెక్షన్ ఉదహరించారో పాత్రికేయులు సరిచూసుకోవలసి ఉంటుంది.