ఓడ అడుగున పూసిన పూత

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభసమయమున, జ్ఞాపక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయుడని పెద్దలు కోరిరి. దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, దైవజనుల జీవితములను గూర్చియు ఇతర సోదరులు వ్రాయుచున్నారు. కనుక మేము ఆ దైవజనులను మన తీరమునకు చేర్చిన తెరచాప ఓడలను గూర్చి, అందులోను ఎవరి కంటికిని కనబడక నీటిలో మునిగియుండు ఓడ అడుగును గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి. ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ఆ అడుగు చెడినయెడల పైనున్న తెరచాపలును, లోనున్న మనుష్యులును, పెట్టెలలోని బైబిళ్ళును సముద్రము పాలగును గదా!

పరిశుద్ధ గ్రంథములో మొదటి ఓడ నోవహుది. దాని పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పిన దేవుడు లోపలను వెలుపలను కీలు పూయవలెనని కూడ ఆజ్ఞాపించెను. కొలతలతో సమానముగా పూతకును ఆజ్ఞ యుండుట గమనింపదగినది. అపొస్తలుడైన పౌలు రోమాకు పోవునప్పుడు తుపానులో చిక్కిన ఓడకు నావికులు అడుగునుండి త్రాళ్ళు చుట్టి బిగించిన సంగతి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో చదువుచున్నాము. పలకలు విడిపోవునను భయముచేతనే వారట్లు చేసిరి. చెక్క ఓడ అనగా వందలాది పలకల కూర్పు. ప్రతి సందును నీటికి ద్వారమే.

సందు ఒక్కటే శత్రువు కాదు. వెచ్చని సముద్రములలో చెక్కను తొలుచు ప్రాణి యొకటి కలదు. జనులు దానిని పురుగందురు గాని నిజమునకు అది నత్తగుల్లల జాతిది. సూదిమొన యంత రంధ్రము చేసి లోన ప్రవేశించి, లోపలనే పెరిగి, పలకను తేనెపట్టువలె చేయును. పైనుండి చూచినవారికి పలక చక్కగానే కనబడును. కొలంబసు తన నాలుగవ యాత్రలో 1503లో ఈ పురుగు తినివేసిన ఓడలను జమైకా ఒడ్డుకెక్కించి విడిచిపెట్టవలసి వచ్చెను. ఇది చాలదన్నట్లు నాచు, పాచి, గుల్లలు అడుగున అంటుకొని ఓడ వేగమును హరించును. నెలలకొలది ప్రయాణములో వేగము తగ్గుట యనగా త్రాగునీరు, ఆహారము తరుగుటయే.

కాబట్టి పూర్వపు నావికులు ఏటేట ఓడకు వైద్యము చేయుచుండిరి. సరకులన్నియు దింపి, పోటు సమయములో ఓడను మెత్తని ఒడ్డుకు చేర్చి, ఓడకొయ్యలకు మోకులు కట్టి ఒక ప్రక్కకు వంచెడివారు. నీరు తీయగానే అడుగు బయలుపడును. ఎండుగడ్డిని, రెల్లును అంటించి ఆ మంటతో పాత పూతను కరగించి, గుల్లలను గీకివేయుదురు. చెడిన పలకలు తీసి క్రొత్తవి వేయుదురు. సందులలో తారులో నానిన నారను ఉలితో, సుత్తితో కూరుదురు. అటుపిమ్మట తారు, కీలు గాని, చేపనూనె, గుగ్గిలము, గంధకము కలిపి కాచిన లేపనము గాని పూయుదురు. ఒక ప్రక్క ముగియగానే రెండవ ప్రక్కకు వంచుదురు. గీకుట, ఎండబెట్టుట, కూరుట, పూయుట అను ఈ నాలుగింటిలో పూయుట చివరిది. అన్నిటికంటె సులభమైనది కూడ.

మన తీరమునకు ఈ విద్య క్రొత్త కాదు. గుగ్గిలమును నూనెలో కాచి పూయుట, సొరచేప నూనె పట్టించుట, సున్నమును నూనెతో నూరి సందులకు పెట్టుట ఈ దేశపు పనివారు తరతరములుగా ఎరిగినవే. 1669 మొదలు 1679 వరకు ఈ సముద్రములలో తిరిగిన థామస్ బౌరీ అను ఇంగ్లీషు నావికుడు నరసాపురము, మాధవాయపాలెము ప్రాంతములను గూర్చి వ్రాయుచు, ఇక్కడ మంచి కలప, మంచి ఇనుము, నేర్పరులైన వడ్రంగులు దొరకుటచేత ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను ఇక్కడనే కట్టించుకొనుచుండిరని తెలిపెను. గోదావరి పాయమీది కోరంగి దీనికంటె ప్రసిద్ధి కెక్కెను. 1802లో అక్కడ ఓడలను నీరు లేకుండ నిలిపి బాగుచేయుటకు డ్రై డాక్ కట్టబడెను.  1789లోను 1839లోను వచ్చిన ఘోరమైన ఉప్పెనలును, గోదావరి తెచ్చిన ఇసుక మేటయు కలిసి ఆ రేవును అణచివేసినవి. వ్యాపారము కాకినాడకు తరలిపోయెను. అయినను కోరంగి, తాళ్ళరేవు పరిసరములలో చెక్క పడవలు కట్టు విద్య నశింపలేదు.

ఇక రాగిరేకు కథ చెప్పవలెను. తారు, గుగ్గిలము పురుగును కొంతకాలమే ఆపగలిగినవి. 1761లో ఇంగ్లాండు నౌకాదళమువారు అలారమ్ అను యుద్ధనౌక అడుగున పలుచని రాగిరేకులు పరచి మేకులతో కొట్టించి వెస్టిండీసుకు పంపిరి. 1763లో అది తిరిగి వచ్చిన తరువాత పరీక్షించగా చెక్కకు పురుగు పట్టలేదు, గుల్లలు పెద్దగా అంటలేదు. అందరును సంతోషించిరి. కాని రేకు తీసి చూచినప్పుడు ఓడను బిగించియుంచిన ఇనుప మేకులు అనేకము తుప్పుపట్టి మెత్తనై పోయియుండెను. కొన్ని మేకులు మాత్రము క్రొత్తవాటివలె నుండెను. కారణమేమని వెదకగా, రాగిరేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితము ఎక్కడ చిరిగిపోక రాగికిని ఇనుముకును నడుమ మిగిలియుండెనో అక్కడ మేకు చెడలేదు. రాగి, ఇనుము ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకినయెడల ఇనుము కరిగిపోవునని ఆ కాగితము ముక్క చాటినది.

ఆ కాగితము చెప్పిన పాఠమును వెంటనే అందరును గ్రహింపలేదు. 1779 తరువాత యుద్ధపు తొందరలో నౌకాదళమంతటికి రాగి తొడిగిరి. ఓడలు వేగముగా పోయినవి, జయములు వచ్చినవి. లోపల మేకులు కరిగిపోవుచుండినవి. చివరకు 1780ల నడుమ ఇనుప మేకులకు మారు రాగి కలిసిన లోహపు మేకులు వాడవలెనని నిర్ణయించిరి. పైకి మెరయు వస్తువు లోపలి బంధమును తినివేయునను సత్యమును కనిపెట్టుటకు ఇరువది యేండ్లు పట్టినది.

దీనికి మరియొక అధ్యాయము కలదు. రాగి కూడ మెల్లగా అరగుచుండగా 1824లో సర్ హంఫ్రీ డేవీ అను శాస్త్రవేత్త ఒక ఉపాయము కనిపెట్టెను. రాగికి అక్కడక్కడ ఇనుప దిమ్మెలు తగిలించినయెడల ఇనుము కరిగి రాగి నిలుచును. మన దేశములో, కొచ్చిన్ రేవున 1822లో టేకుతో కట్టబడిన సమరాంగ్ అను ఓడకు ఆ దిమ్మెలు అమర్చి సముద్రము మీదికి పంపిరి. రాగి ఏమాత్రము అరగలేదు. కాని ఓడ తిరిగి వచ్చినప్పుడు అడుగంతయు నాచు, గుల్లలతో నిండియుండెను! రాగి కొంచెము కొంచెముగా కరగుచుండుటచేతనే ప్రాణులు దానికి అంటుకొనవని అప్పుడు తెలిసినది. తనను తాను కాపాడుకొన్న రాగి ఓడను కాపాడలేక పోయినది. నౌకాదళమువారు ఆ పద్ధతిని త్వరలోనే మానుకొనిరి. అరగిపోవుటయే దాని సేవ యని మేము తలంచునప్పుడెల్ల, మన సంఘములలో ఎండలో వానలో తిరిగి అరిగిపోయిన బైబిలు స్త్రీలును, గ్రామ ఉపదేశకులును జ్ఞాపకమునకు వచ్చుచుందురు.

మన ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు ఇట్టి చెక్క ఓడల కాలమువారే. జార్జి క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నము చేరిరి. బౌడెన్, బీర్ 1836లో వచ్చి తరువాత నరసాపురమున పని చేసిరి. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరునకు వచ్చిరి. ఫాదర్ హయ్యరు 1842లో గుంటూరు చేరెను. సూయజ్ కాలువ 1869లో గాని తెరువబడలేదు. అంతకు ముందు వచ్చినవారిలో చాలమంది ఆఫ్రికా కొనను చుట్టి, సుమారు నాలుగైదు నెలలు సముద్రముమీద గడిపి వచ్చిరి. ఆ దినములన్నిటను వారికిని మరణమునకును నడుమ కొద్ది అంగుళముల చెక్కయు, దానిపై పూతయు మాత్రమే యుండెను.

అంతటితో ప్రయాణము ముగియలేదు. చెన్నపట్నమున ఆనాడు రేవు లేదు. 1861లో ఇనుప పైరు కట్టువరకు ఓడలు దూరముగా లంగరు వేసికొనగా, పెద్ద అలలను దాటి ఒడ్డు చేర్చినవి మన మసూలా పడవలే. వాటిలో ఒక్క ఇనుప మేకైనను లేదు. పలకలను కొబ్బరినార త్రాళ్ళతో కుట్టెడివారు. అల కొట్టినప్పుడు మేకు కొట్టిన పడవ పగిలిపోవును. కుట్టిన పడవ వంగి మరల నిలుచును. వాటిని బాగుచేయుట యనగా కుట్టు విప్పి, పలకలు ఆరబెట్టి, క్రొత్త త్రాటితో మరల కుట్టుటయే. తెప్పలకైతే పూత కూడ లేదు. వేట ముగియగానే కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టుదురు. రాగి తొడిగిన గొప్ప ఓడ ఎక్కడ ఆగిపోయెనో అక్కడనుండి పేద జాలరి పడవ మొదలు పెట్టినది. ఓడ ఎక్కివచ్చిన దొరల పేర్లు మన పుస్తకములలో ఉన్నవి. వారిని భుజములమీద ఎక్కించుకొని ఒడ్డున దింపిన పడవవారి పేర్లు, రేవులలో గుగ్గిలము కాచినవారి పేర్లు, సందులలో నార కూరినవారి పేర్లు ఎక్కడను లేవు. నూరేండ్ల పండుగలో మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదే. దేవుని గ్రంథములో వారి పేర్లు తప్పక ఉండునని నమ్ముచున్నాము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు వచ్చినవి, కాలువలతో పడవ ప్రయాణములు వచ్చినవి. ధాన్యముతో పాటు సువార్తికులును, పుస్తకముల పెట్టెలును ఆ పడవలలోనే ఊరూరికి పోయినవి. ఎండకాలమున కాలువలు కట్టివేసినప్పుడు గట్టుమీద బోర్లించిన పడవలకు పూత వేయుట మా బాల్యములో చూచియున్నాము. తారు కాగుచున్న డబ్బా చుట్టు పిల్లలము చేరెడివారము. ఒకమారు మేము తొందరపడి, పూత త్వరగా వేయరాదా అని అడుగగా, అక్కడి ముసలి వడ్రంగి నవ్వి, తడి చెక్కమీద రంగు వేయుట శవమునకు పెండ్లిబట్టలు కట్టుట వంటిదిరా అబ్బాయీ అనెను. లోపలి తడి పోనిదే వేసిన పూత పొక్కులెత్తి ఊడిపోవును. అంతేకాక ఆ తడిని లోపలనే బంధించి చెక్కను కుళ్ళజేయును. అట్లని మరీ ఎక్కువ దినములు ఎండబెట్టినను ముప్పే. పలకలు కుదించుకొని సందులు తెరచుకొనును. మరల నీటిలోనికి దింపినప్పుడు మొదటి ఒకటి రెండు దినములు నీరు కారును. చెక్క ఉబ్బిన తరువాత సందులు మూసికొనును. నీటిలో నుండుటకు చేసిన వస్తువు నీటిలోనే బాగుండును.

ఇటీవలి కాలపు సంగతి కూడ కొంచెము చెప్పుట అవసరము. 1960 తరువాత తగరము కలిసిన విషపు రంగులు వచ్చినవి. అవి గుల్లలను అద్భుతముగా ఆపినవి. కాని ఆ విషము నీటిలో కలిసి, ఫ్రాన్సు దేశపు ఆర్కషోన్ అఖాతములో ముత్యపుచిప్ప జాతి ప్రాణుల పెంపకమును పాడుచేసెను. 1982లో ఆ దేశము చిన్న పడవలకు ఆ రంగును నిషేధించెను. 2001లో అనేక దేశములు కూడి ఒడంబడిక చేసికొనగా అది 2008లో అమలులోనికి వచ్చెను. మన ఓడను కాపాడుకొనుటకు పొరుగువాని జీవనమును చెరుపరాదని ప్రపంచము ఆలస్యముగా నైనను ఒప్పుకొన్నది.

జాగ్రత్తగా చూచుకొన్న ఓడ ఎంతకాలము నిలుచునో తెలిసికొనుటకు ఒక సాక్ష్యము కలదు. 1817లో బొంబాయిలో వాడియా వంశపు పార్శీ పనివారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అను ఓడ ఇంగ్లాండులో హార్టిల్‌పూల్ రేవున నేటికిని నీటిపై నిలిచియున్నది. దానిని బాగుచేయుటకు పది సంవత్సరములకు పైగా పట్టి, 2001లో పని ముగిసెను. చెడిన పలకలను మాత్రమే మార్చిరి. సగమునకు మించి మొదటి కలపయే యున్నది. మన దేశపు చెట్టు, మన దేశపు చేతిపని, రెండువందల సంవత్సరములు దాటినది.

ప్రియ పాఠకులారా, శతవార్షికోత్సవమునకు మన దేవాలయములకు రంగులు వేసితిమి, తోరణములు కట్టితిమి. అది తగినదే. కాని గీకవలసినది గీకకుండ, ఆరవలసినది ఆరకుండ, తెరచుకొనిన సందులను కూరకుండ పైపూతతో సరిపెట్టుకొనినయెడల రాబోవు ప్రయాణములో మనకు కలుగు నష్టము కొంచెము కాదు. సంఘములో ఎక్కడ మనస్పర్థలున్నవో, ఎక్కడ బీదవారు మరువబడిరో, అవే మన ఓడ సందులు. వాటిని వెదకి బాగుచేసికొని, ఒడ్డున ఎండిపోక మరల నీటిలోనికి దిగుదుము గాక. తుపానులో పౌలుతో నున్న దేవుడు మనతోను ఉండును గాక.