లెక్కకు రాని చదువులు

మా ఆదోనిలో సాయిబుల పిల్లోడు ఫిజిక్స్ చదువుతున్నాడంటే వింతగా చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. అణువు గురించి చదువుతున్నాడంటే అనుమానంగా చూసేవాళ్లూ ఉన్నారు. మా బంధువుల కుర్రాడొకడు అణుకేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి, ఆ మధ్య ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి పోయొచ్చాడు. "ఏం కనుక్కున్నావని ఎవరూ అడగలేదు మామూ. పత్రాలెన్ని, వాటిని ఎంతమంది ఉదహరించారు, హెచ్ సూచీ ఎంత, ఇవే అడిగారు. నాది నాలుగు" అన్నాడు. నాలుగంటే, అతను రాసిన పత్రాల్లో నాలుగింటిని ఒక్కోదాన్ని కనీసం నాలుగుసార్లు ఇతరులు తమ పత్రాల్లో పేర్కొన్నారని అర్థం.

ఈ లెక్కకూ ఒక చరిత్ర ఉంది. ఒక పరిశోధనను తర్వాత ఎవరెవరు వాడుకున్నారో వెతుక్కోడానికి సూచిక ఉండాలని 1955లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. వెతుక్కోడానికి పుట్టిన సూచిక పోనుపోను మనుషుల్ని తూచే తక్కెడ అయింది. హెచ్ సూచీని 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తయారుచేశాడు. ఆ తక్కెడ అణుశాస్త్రంలోనే సరిగ్గా తూగదు. 2015లో హిగ్స్ కణం బరువు మీద వచ్చిన ఒక్క పత్రానికి 5 వేల మందికి పైగా రచయితలు. ఆ పత్రాన్ని ఎవరు ఉదహరించినా అందరి ఖాతాలోనూ ఒకటి పడుతుంది. చిన్న ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చుని కొలతలు తీసినవాడి ఖాతాలో పడేది అతనిది మాత్రమే.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. ఏ భాషలో రాస్తే లెక్కకొస్తుంది?

1800 దాకా మా ఆదోని నిజాం చేతిలో ఉండేది. ఆ ఏడు ఇంగ్లీషువాళ్లకు దత్తమయింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టేనాటికి మేము తుంగభద్రకు ఇవతల, మద్రాసు రాజ్యంలో, బళ్లారి జిల్లాలో ఉన్నాం. నది అవతల ఉర్దూలో గణితం, భౌతికం, వైద్యం చెబుతున్నారు. అందుకు ఏడాది ముందే మొదలైన దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వందలాది పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. పదాలు లేనిచోట పదాలు పుట్టించింది.

ఆ ఉర్దూ తరగతుల్లో చదివిన హైదరాబాదీ మహమ్మద్ రజియుద్దీన్ సిద్దిఖీ. కేంబ్రిడ్జి వెళ్లాడు. జర్మనీలో లీప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర చదివాడు. తిరిగొచ్చి ఉస్మానియాలో గణితం ప్రొఫెసర్ అయ్యాడు. జర్మన్‌లో గణిత పత్రాలు రాశాడు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని ఉర్దూలో పుస్తకంగా రాశాడు. జర్మన్‌లో రాసిన పత్రానికి సూచికలో చోటుంది. ఉర్దూ పుస్తకం చదివి ఫిజిక్స్ మీద మోజుపడ్డ పిల్లవాడికి ఏ సూచికలోనూ చోటు లేదు.

1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. 1950లో సిద్దిఖీ పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1967లో వెలిసిన ఇస్లామాబాద్ యూనివర్సిటీకి తొలి వైస్‌ఛాన్సలర్ ఆయనే. 1998లో పోయాడు. సరిహద్దు దాటాడు కాబట్టి ఇక్కడి చరిత్రలో ఆయన మాకు పరాయివాడైపోవాలా? ఇరవైయేళ్లు హైదరాబాదులో చెప్పిన పాఠాలు కూడా సరిహద్దు దాటిపోయినట్టేనా?

లెక్క తప్పేది మా ఒక్కరి విషయంలోనే అని మేము అనడం లేదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద కాషాయం కట్టుకునే ప్రాగ్‌లో ఎక్స్‌కిరణాల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ ప్రయోగశాలలో బీటా కిరణాల మీద పనిచేశాడు. 1954లో ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చి అణుభౌతిక ప్రయోగశాల నిలబెట్టాడు. అక్కడ తయారైన విద్యార్థులు రాసిన పత్రాలు వాళ్ల ఖాతాల్లో ఉంటాయి. ప్రయోగశాల కట్టిన చెమట ఏ ఖాతాలో ఉంటుంది? కాకపోతే ఆ ప్రయోగశాలలకు ఆయన పేరు పెట్టుకున్నారు. కాషాయం కట్టినవాడికి అణువుతో ఏం పని అని ఎవరూ అనుమానించలేదు. మా పిల్లలకూ ఆ మాత్రం మర్యాద కావాలంటున్నాం.

తప్పు మాలోనూ ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, పిల్లలకు లిపి నేర్పం. తెలుగులో రాస్తాం, మా శాస్త్రజ్ఞుల గురించి రాయం. మా పుస్తకాలు మేమే తెరవకుండా పక్కవాడు ఉదహరించలేదని అలిగితే ఎట్లా? 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో ఇప్పుడు ఒక ఉర్దూ యూనివర్సిటీ ఉంది. పేరు నిలిచింది సరే, ఆ చదువు సంగతి కూడా చూడాలి.

మా కుర్రాడికి ఆ ఉద్యోగం రాలేదు. అయిదో పత్రం రాస్తున్నాడు. ఇంగ్లీషులోనే రాయమన్నాం, ఆ లెక్క కూడా కావాలి కాబట్టి. అందులో ఏముందో ఆదోని పిల్లలకు తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పమన్నాం. ఈ రెండోది ఎవరి సూచికలోకీ ఎక్కదు. మేము రాసిపెట్టుకుంటాం.